నా చెయ్యి చూసి కదిలిన రైలు

అమెరికా పడమటి తీరానికి వెళ్ళొచ్చినవాళ్ళను ఎవరిని కదిపినా ఎర్ర వంతెన గురించి చెబుతారు. నేను దాన్ని చూడలేదు. సముద్రమూ చూడలేదు. శాన్ ఫ్రాన్సిస్కో దాకా వెళ్ళి, ఆ ఊళ్ళో రైల్వే స్టేషను మాత్రం చూసి వెనక్కి వచ్చాను. ఎందుకలా వచ్చావని అడిగినవాళ్ళందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే రాసి పెడుతున్నాను, ఇక అడిగినవాళ్ళకు ఈ కాగితాలే ఇస్తాను.

మాది కాజీపేట. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారట. పేరు మారిస్తే జీతం పెరిగిందేమో తెలియదు, నన్ను మాత్రం ఇప్పటికీ గార్డు సారనే పిలుస్తారు. నా భార్య సుగుణ. ఆమెకు మతిమరుపు మొదలై కొంతకాలమైంది. మొదట్లో స్టవ్ మీద పాలు మర్చిపోయేది, అది అందరిళ్ళలో ఉండేదే అనుకున్నాను. ఒకరోజు కూరగాయలకని వెళ్ళి మా వీధి మర్చిపోయింది. ఆటో స్టాండులో కూర్చుని ఏడుస్తుంటే తెలిసినవాళ్ళు చూసి ఇంటికి తీసుకొచ్చారు. ఇది తగ్గే జబ్బు కాదు, నెమ్మదించేలా చూసుకోవాలి, ఒంటరిగా మాత్రం ఎక్కడా వదలొద్దు అని హన్మకొండ డాక్టరు గట్టిగా చెప్పాడు. అలాంటి మనిషిని నేను అమెరికాలో రైలెక్కించాను. ఈ కథంతా అదే.

సన్నీవేల్: కూత వినబడే ఇల్లు

మా అమ్మాయి మాధవి సన్నీవేల్‌లో ఉంటుంది. కొన్ని నెలలు ఉండి వద్దామని వెళ్ళాం. పగలంతా బాగానే ఉండేది సుగుణ. సాయంత్రమయ్యేసరికి చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడేది. "ఇంటికి పోదాం పాండ్రి, పొద్దుగూకింది" అనేది. ఇదే మనమ్మాయి ఇల్లు అంటే నమ్మేది కాదు. చెయ్యి పట్టుకుంటే విదిలించుకునేది. ఆ గంటన్నరా నాకు ప్రాణం పోయినట్టుండేది.

ఆమెను ఊరడించింది ఒక్కటే, రైలు కూత. ఇంటికి దగ్గర్లోనే లెవెల్ క్రాసింగ్ ఉంది. బండి వచ్చినప్పుడల్లా గట్టిగా కూస్తుంది. అది వినబడగానే సుగుణ తల తిప్పేది. "గూడ్సా, ప్యాసింజరా?" అని అడిగేది. ప్యాసింజర్ అంటే "టైముకే వచ్చింది" అని చెప్పులు విడిచి లోపలికి వచ్చేది. పెళ్ళయిన నాటి నుంచి రైల్వే క్వార్టర్స్‌లో బతికిన మనిషి. ఆమెకు ఇల్లంటే కూత వినబడే చోటు.

అయితే ఆమెను ఆ రైలే ఎక్కిద్దామని నాకు తోచింది. మాధవి ఒప్పుకోలేదు.

"వీకెండ్ దాకా ఆగు బాపూ, కార్‌లో నేనే డ్రైవ్ చేసి తీసుకపోత."

"కార్‌లో కూసుంటే రైలెక్కినట్టు ఉంటదా?"

"ఈ వారం నాకు రోజంతా మీటింగ్సే ఉన్నయ్. మీరిద్దరే పోతే నాకు టెన్షన్."

"నేను పుట్టి పెరిగిందే రైళ్ళల్ల. నాకు టెన్షన్ ఏంది?"

చివరికి దిగొచ్చింది. ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క ఫోనునూ, నంబరు రాసిన చీటీనీ వాళ్ళమ్మ బ్యాగులో పెట్టింది. నా జేబులో పెడితే నేను పారేసుకుంటానని ఆమె నమ్మకం. "అమ్మ చెయ్యి వదలొద్దు. ఒక్క సెకండ్ కూడా. ప్రామిస్ చెయ్" అంది. చేశాను. రైల్వేలో పనిచేసినవాడికి ఇంత జాగ్రత్త చెప్పాలా అని కొంచెం కోపం కూడా వచ్చింది.

స్టేషన్లో గేటు లేదు, టికెట్ కిటికీ లేదు. ఒక స్తంభానికి కార్డు ఆనిస్తే కుయ్‌మంటుంది, అంతే. ముసలివాళ్ళకు సగం ధర. ఆనించకుండా ఎక్కినా ఆపే దిక్కు లేదు, బండిలో ఎప్పుడో ఎవరో వచ్చి చూస్తారట. మన దగ్గర ఇలా పెడితే ఏమవుతుందో ఆలోచించి నాలో నేనే నవ్వుకున్నాను.

సుగుణ నా చెయ్యి లాగుతూ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది.

"గార్డు డబ్బా ఏడ ఆగుతది?"

"ఈ బండికి గార్డు డబ్బా లేదు."

"గార్డు లేకుంటే బండి ఎట్ల నడుస్తది?" అని నన్ను అనుమానంగా చూసింది. గార్డున్నాడు గానీ ఇక్కడ కండక్టర్ అంటారు, మధ్యలో తలుపు దగ్గర నిలబడతాడు అని చెప్పాను. అది ఆమెకు బుర్రకెక్కలేదు. సరేలే అని ఆఖరి డబ్బాలోనే ఎక్కాం. కరెంటు బండి, రెండంతస్తులు, కుదుపు లేదు, చప్పుడు లేదు. కదిలిన సంగతి కిటికీ చూస్తేనే తెలిసింది. కూర్చోగానే సుగుణ మొహంలో ఎన్నాళ్ళకో ఆ సాయంత్రపు భయం పోయింది.

శాంటా క్లారా: చెక్క స్టేషను

మొదటి రోజు దూరం వెళ్ళకుండా శాంటా క్లారాలో దిగాం. అక్కడ తాతల కాలం నాటి చెక్క స్టేషను ఉంది. దాన్ని చూసుకునే పెద్దాయన ఒకడు లైను కథ చెప్పాడు. ఈ లైను బొగ్గింజన్ల నాటిది. శాన్ ఫ్రాన్సిస్కోను, శాన్ హోసేను కలపడానికి వేశారు. యాభై మైళ్ళ లోపే. దీని పక్కన ఊళ్ళున్నాయని కాదు, ఇది ఉంది కాబట్టే ఊళ్ళు పుట్టాయి. తర్వాత కార్లొచ్చి జనం రైలెక్కడం మానేస్తే, నడిపే కంపెనీ నష్టమని వదిలించుకోబోయింది. అప్పుడు మూడు కౌంటీలు కలిసి చేతిలోకి తీసుకున్నాయి. డీజిల్ పోయి కరెంటు వచ్చింది మొన్న మొన్ననే. కరోనా తర్వాత సగం ఆఫీసులు ఇళ్ళలోకి వచ్చేశాయి, పొద్దుటి పూట నిలబడి వెళ్ళే రోజులు పోయాయి అని ఆయన బాధపడ్డాడు. నిలబడి వెళ్ళే జనం లేరని బాధపడే రైలు మనిషిని నేను మొదటిసారి చూశాను.

మోరి గారు మాకు పరిచయమైంది అక్కడే. జపాన్ ముసలాయన, సన్నగా, ఇస్త్రీ చొక్కాతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. బండి రాగానే చూపుడువేలు చాచి సిగ్నల్ వైపు చూపించి ఏదో పలికాడు. గడియారం చూపించి పలికాడు. ఆఖరి తలుపు చూపించి, అంతా సరే అన్నట్టు "యోషి" అన్నాడు. పక్కనున్న కుర్రకారు పిచ్చివాడని తప్పుకున్నారు. నాకు మాత్రం వెంటనే తెలిసిపోయింది. మన దగ్గర కూడా డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నల్ రంగు పైకి చెప్పుకుంటారు, ఒకరు చెబితే రెండోవాళ్ళు అదే మాట అంటారు. కన్ను చూసింది నోరు చెప్పకపోతే బుర్ర నిద్రపోతుంది కాబట్టి.

దగ్గరికి వెళ్ళి గార్డ్, ఇండియన్ రైల్వేస్ అన్నాను. ఆయన నడుం దాకా వంగి దండం పెట్టాడు. ఆయనది టోక్యో పక్కన ఒక ప్రైవేటు లోకల్ లైను, ఆఖరి డబ్బాలో నిలబడి తలుపులు మూసే ఉద్యోగం. అంటే నా ఉద్యోగమే. కూతురు సాన్ మాటియోలో ఉంటే వచ్చి, ఏం తోచక రోజూ ఈ లైను మీద తిరుగుతుంటాడట. ఇదంతా ఆయన ఫోను చెప్పింది. ఆయన జపనీసులో మాట్లాడితే అది తెలుగులో పలికేది. అది కూడా మామూలు తెలుగు కాదు, పురాణం చెప్పే పంతులు తెలుగు. "తమరి సహధర్మచారిణి ముఖము ప్రసన్నముగా ఉన్నది" అంది సుగుణను చూసి. సుగుణ ఫోనుకు దండం పెట్టింది.

మర్నాడు మేము శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్నామని చెప్పాను. అయితే సన్నీవేల్ దాకా వస్తాను, సాన్ మాటియో వరకు కలిసి పోదాం అన్నాడు.

రెండో రోజు: సర్వపిండి, అన్నం ముద్ద

అన్నట్టే వచ్చాడు. మళ్ళీ ఆఖరి డబ్బాలోనే, తలుపు పక్క సీట్లలో ఎదురెదురుగా కూర్చున్నాం. మాధవి పొద్దున్నే చేసిచ్చిన సర్వపిండి తీశాను. మోరి గారు ఒక ముక్క తిని, కళ్ళు మూసుకుని, నువ్వులు నువ్వులు అని వేలితో చూపించాడు. ఆయన సంచిలోంచి నల్లటి నాచు చుట్టిన అన్నం ముద్దలు తీశాడు. లోపల ఏదో పుల్లటి ఊరుగాయ. సుగుణ తిని, "ఉప్పు తక్కువైంది, పొడుగు గింజ బియ్యం కాదు" అని తేల్చేసింది. తర్జుమా చేయొద్దని నేను చెప్పేలోపే ఫోను చేసేసింది. ఆయన వంగి క్షమాపణ చెప్పాడు.

ఆయన లైనును మొదట్లో ఏటి కంకర మోయడానికి వేశారట. కంకర అయిపోయాక పక్కన ఇళ్ళు లేచాయి, ఆ ఇళ్ళలోవాళ్ళే ప్యాసింజర్లు. మా కాజీపేటది బొగ్గు మోసిన లైను, మీది కంకర లైను, ఇద్దరం మట్టి మోసి మనుషుల్లోకి వచ్చాం అన్నాను. ఫోను దాన్ని ఏమని చెప్పిందో గానీ ఆయన చాలాసేపు నవ్వాడు. ఆఖరి స్టేషన్లో డ్రైవరూ కండక్టరూ చోట్లు మార్చుకుంటారని, ప్లాట్‌ఫారం మధ్యలో ఎదురైనప్పుడు సెల్యూట్ కొట్టుకుంటారని చేత్తో చేసి చూపించాడు. సుగుణ ఆయన్ను చూసి అలాగే సెల్యూట్ కొట్టింది. రైలెక్కాక ఆమె ఒక్కసారి కూడా ఇంటికి పోదామనలేదు.

సాన్ మాటియో: చెయ్యి ఊపడం

సాన్ మాటియో వచ్చింది. మోరి గారు లేచి దిగాడు. మనింటికి వచ్చినవాళ్ళు వెళ్తుంటే కూర్చున్నచోటనే సాగనంపడం మనకు చేతకాదు. గడప దాటి, వీధి చివరిదాకా వెళ్ళి గానీ ఆగం. "ఇప్పుడే వస్త, కూసో" అని సుగుణకు చెప్పి నేనూ దిగాను. ఒక్క అడుగే కదా అనుకున్నాను. తలుపుకు మూరెడు దూరంలోనే ఉన్నాను.

బండి ఆగితే దిగి వెనకా ముందూ చూడడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. అది రిటైర్ కాలేదు. ఆ పక్కన మోరి గారు, ఆయన అలవాటు కొద్దీ, బండి తోక వైపు వేలు చాచి "యోషి" అన్నాడు. ఆ మాట వినగానే నా కుడిచెయ్యి దానంతట అది లేచింది. పచ్చజెండా ఊపినట్టే తలపైకెత్తి అటూ ఇటూ ఊపాను. ఆఖరి డబ్బా ఆల్‌రైట్ అన్నమాట.

మధ్య తలుపులోంచి తల బయట పెట్టిన కండక్టర్ మా వైపు చూశాడు. బండి దిగి నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్ళు, అందులో ఒకడు వెళ్ళమని చెయ్యి ఊపుతున్నాడు. ఆయన తప్పేముంది. తలుపులు మూసుకున్నాయి.

నేను తలుపు మీద చరిచాను. కరెంటు బండి కదా, కదిలినట్టే తెలియలేదు, నా చేతికింద నుంచి జారిపోయింది. కిటికీలో సుగుణ కనబడింది. ఆమె భయపడలేదు. నన్ను చూసి నవ్వుతూ తను కూడా చెయ్యి ఊపింది. జీవితమంతా నేను ప్లాట్‌ఫారం మీద చెయ్యి ఊపుతుంటేనే చూసిన మనిషి కదా.

అక్కడే కూర్చుండిపోయాను. ఇల్లు మర్చిపోయే మనిషి, ఇంగ్లీషు రాని మనిషి, తెలియని దేశంలో తెలియని ఊరి వైపు ఒంటరిగా వెళ్ళిపోయింది. నా చెయ్యి చూసి వెళ్ళిపోయింది.

సాన్ మాటియో: నోటికి రాని నంబరు

మోరి గారు ముందు వంగి వంగి దండాలు పెట్టాడు, తప్పు తనదన్నట్టు. తర్వాత ఫోను నా చేతికిచ్చి అమ్మాయికి చేయమన్నాడు. వేలు ఫోను మీద పెట్టి ఆగిపోయాను. కాజీపేట కంట్రోల్ ఆఫీసు నంబరు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కన్నకూతురి నంబరు రాలేదు. మా ఫోను నంబరూ తెలియదు. అన్నీ సుగుణ బ్యాగులోనే ఉన్నాయి.

ఆయన తన కూతురికి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి రైలు కంపెనీవాళ్ళతో మాట్లాడి, బండిలో కండక్టర్‌కు కబురు పెట్టిస్తామన్నారని చెప్పింది. వాళ్ళు గుర్తులు చెప్పమన్నారని తను ఇంగ్లీషులో నన్ను అడిగింది.

"చీర రంగు ఏంటి?"

"పచ్చది" అన్నాను. అన్న తర్వాత అనుమానమొచ్చింది. పచ్చది నిన్నటిదా? పొద్దున్నుంచీ ఎదురుగా కూర్చున్నాను, ఆమె పెట్టిన ముక్కలే తిన్నాను, చీర రంగు మాత్రం కళ్ళకు కట్టడం లేదు. మతిమరుపు జబ్బు ఆమెకని మందులు కొంటున్నాను.

తర్వాతి బండికి చాలాసేపు పట్టింది. మోరి గారిని ఇంటికి వెళ్ళమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి నా పక్కనే నిలబడ్డాడు. ఫోను మాత్రం నోరు మూసుకోలేదు. "చింతింపవలదు, తమరి భార్య సురక్షితముగా ఉండుట సంభవము" అంది. నాకు దాన్ని పట్టాల మీద పారేయాలనిపించింది.

మిల్‌బ్రే నుంచి సొరంగాల దాకా

వచ్చింది అన్ని స్టేషన్లలోనూ ఆగే బండి. దిగగానే పరుగెత్తవచ్చని ఈసారి ముందు డబ్బాలో ఎక్కాం. ప్రతి స్టేషనూ ఒక శిక్ష. బర్లింగేమ్‌లో ప్లాట్‌ఫారం అంతా కళ్ళతో వెతికాను. లేదు. మిల్‌బ్రేలో పక్కనే వేరే రైళ్ళు, విమానాశ్రయానికి వెళ్ళే జనం. ఆమె ఇక్కడ దిగి ఇంకో బండి ఎక్కేసి ఉంటే? దిగి వెతుకుదామని లేచాను. మోరి గారు నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. సాన్ బ్రూనోలో చీర కట్టుకున్న ఒకావిడ వెనకనుంచి కనబడితే కిటికీ అద్దానికి మొహం ఆనించాను. ఇటు తిరిగితే ఎవరో గుజరాతీ ఆవిడ.

బేషోర్ దాటాక ఫోన్ వచ్చింది. మోరి గారు విన్నాడు. ఆ కబురు ఫోనుతో చెప్పించడానికి ఇష్టం లేక తనే ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"ట్రెయిన్... లాస్ట్ స్టేషన్. కండక్టర్ చెక్. గ్రీన్ సారీ... నో."

ఆ తర్వాత సొరంగాలు వచ్చాయి. ఒకటి అయిపోతే ఇంకొకటి. కిటికీలో నా మొహం తప్ప ఏమీ లేదు. మాధవికి ఏమని చెప్పాలి అని కాదు నేను ఆలోచించింది. సాయంత్రమైతే ఆమె ఎవరి తలుపు దగ్గర నిలబడి ఇంటికి పోదామంటుంది అని. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటుందని ఆ ఇంటివాళ్ళకు తెలియదు కదా. నేను ఏడ్చాను. మోరి గారు నా వైపు చూడకుండా తన చేతిరుమాలు నా మోకాలి మీద పెట్టాడు.

శాన్ ఫ్రాన్సిస్కో: స్టేషను మాత్రమే

అక్కడితో పట్టాలు అయిపోతాయి. బండ్లన్నీ వరుసగా వచ్చి గోడ దగ్గర ఆగుతాయి, దిగినవాళ్ళు ముందుకు నడిచి హాల్లోంచి వీధిలోకి పోతారు. మేము లోపలికి వస్తుంటే పక్క లైన్లో నిలబెట్టిన బండి అడ్డం ఉండి అవతలి ప్లాట్‌ఫారం కనబడలేదు. దిగి హాల్లోకి పరుగెత్తాం.

యూనిఫాంలో ఉన్న నల్లజాతి ఆవిడ చేతిలో వైర్‌లెస్‌తో మాకోసమే నిలబడి ఉంది. చాలా మంచిది. హాలంతా చూశామని, బాత్రూములు చూశామని, బయట బస్టాపులో కూడా మనిషిని పంపామని, పోలీసులకు చెప్పామని ఓపిగ్గా చెప్పింది. "వి విల్ ఫైండ్ హర్, సర్" అని నా భుజం మీద చెయ్యి వేసింది. నేను అద్దం తలుపులోంచి బయటికి చూశాను. ట్రాములు, కార్లు, ఎత్తైన మేడలు, ఎవరి దారిన వాళ్ళు పోయే జనం. ఇందులో కలిసిపోతే ఇక ఎక్కడని వెతకాలి.

అప్పుడు మేము దిగిన బండి డ్రైవరూ కండక్టరూ కనబడ్డారు. ఈ చివర దిగి, సంచులు భుజాన వేసుకుని, హాల్లోకి రాకుండా ప్లాట్‌ఫారం వెంట వెనక్కి నడుస్తున్నారు. బండి తిరిగి పోవాలంటే ఆ చివరికి వెళ్ళాలి కదా. మోరి గారు అలవాటుగా వాళ్ళకు సెల్యూట్ కొట్టాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. జనం అంతా ఇటు వచ్చారు, వెతికినవాళ్ళూ ఇటే వెతికారు. ఆఖరి డబ్బా అటు ఉంది.

పెళ్ళయిన కొత్తలో సుగుణను మొదటిసారి బెజవాడ తీసుకెళ్ళాను. అంత పెద్ద స్టేషను, అంత జనం ఆమె చూడలేదు. నా చొక్కా పట్టుకుని వదల్లేదు. అప్పుడు చెప్పాను. ఏడన్న తప్పిపోతే పరేషాన్ కాకు, ఎవ్వరినీ అడగకు, గార్డు డబ్బా కాడికి పోయి నిలబడు, నేనన్న వస్త, నేను లేకుంటే ఇంకో గార్డన్న ఉంటడు అని. తర్వాత మాధవికీ అదే నేర్పాం. జాతరకు పోయినా, పుష్కరాలకు పోయినా మా ఇంట్లో అదే మాట. చెప్పిన నేనే మర్చిపోయాను.

"లాస్ట్ కోచ్" అని అరిచి, ఆమె బండి వచ్చిన అవతలి ప్లాట్‌ఫారం వెంట వెనక్కి పరుగెత్తాను. ఆ ప్లాట్‌ఫారాలు ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. అక్కడ బండి లేదు, ఆమెను తెచ్చిన బండి ఎప్పుడో తిరిగి వెళ్ళిపోయింది. పైకప్పు నీడ అయిపోయిన చోట, ఆఖరి దీపస్తంభం పక్కన, ఖాళీ పట్టాల వైపు చూస్తూ ఒక మనిషి నిటారుగా నిలబడి ఉంది. వంకాయ రంగు చీర. బ్యాగు రెండు చేతులా పట్టుకుని ఉంది.

పరుగున దగ్గరికి వెళ్ళాను. ముందు ఆమే అంది.

"ఇంత లేటా? ఏం డ్యూటీనో ఏమో మీది."

"సుగుణా, నువ్వు తప్పిపోయినవే" అన్నాను.

"నేనెందుకు తప్పిపోత? నేను ఈడనే ఉన్న. తప్పిపోయింది మీరు."

ఆమె చెప్పింది నిజమే. బండి దిగిందీ, వదిలిందీ, చెయ్యి ఊపిందీ నేను. బ్యాగులో ఫోను అప్పుడు కూడా మోగుతోంది, మీటింగుల మధ్య మాధవి చేస్తోంది. "ఏందో అప్పటిసంది మొత్తుకుంటనే ఉన్నది, పక్కోళ్ళదనుకున్న" అంది. ఊడ్చే మనిషి ఒకడు వచ్చి ఏదో అడిగాడట. "గార్డు కోసం నిలబడ్డ అని చెప్పిన. సరే అన్నట్టు చెయ్యి ఎత్తి పోయిండు." గార్డు అనే మాట వాళ్ళ భాషలోదే కాబట్టి అతనికి అర్థమయ్యే ఉంటుంది, సెక్యూరిటీ మనిషనుకుని ఉంటాడు.

వెనకాల మోరి గారు రొప్పుతూ వచ్చాడు. సుగుణను చూసి ఆగాడు. నిలువెల్లా తేరిపార చూసి, వేలు చాచి "యోషి" అన్నాడు. సుగుణ నా వైపు తిరిగి "ఎవరీ పెద్దాయన?" అంది. పొద్దున ఆయన అన్నం ముద్దలో ఉప్పు తక్కువన్న సంగతి ఆమెకు గుర్తు లేదు.

తిరుగు బండి

సముద్రం ఇక్కడికి దగ్గరే, చూసి వెళ్ళమని వైర్‌లెస్ ఆవిడ చెప్పింది. నాకు ఏ సముద్రమూ అక్కర్లేదు. హాల్లో ఒక కాఫీ కొని ముగ్గురం తాగాం. ఆ కప్పు ధరకు మా కాజీపేటలో వీధివీధంతా తాగొచ్చు, అయినా ఆ రోజు అది చవకే అనిపించింది.

వచ్చేటప్పుడు ఆఖరి డబ్బా అని ఇటు పక్కనే ఎక్కబోయాను. సుగుణ ఆగిపోయింది. ఇటు గోడ వైపు ఉన్నదే ఇప్పుడు ఆఖరిదని వేలితో చూపించి మరీ చెప్పాను. తోక వైపు ఎర్రదీపం కనబడ్డాక గానీ ఎక్కలేదు. సాన్ మాటియోలో మోరి గారు దిగాడు. నేను లేవలేదు. మర్యాద తప్పిందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. సుగుణ చేతిని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నచోటనే తల వంచాను. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి, తలుపులు పూర్తిగా మూసుకుని బండి కదిలేదాకా చేతులు రెండూ జేబుల్లో పెట్టుకునే ఉన్నాడు.

మాధవి ఆ సాయంత్రం నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్ళమ్మను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మర్నాటి నుంచి పొద్దున్నే కాఫీ ఇచ్చే ముందు తన నంబరు నా చేత అప్పజెప్పించుకుంది. తప్పు చెబితే కాఫీ లేదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

కాజీపేట

తిరిగి వచ్చి నెలలు గడిచాయి. సుగుణకు ఇప్పుడు అమెరికా వెళ్ళిన సంగతే గుర్తు లేదు. ఇక్కడ కూత వినబడుతుంది కాబట్టి సాయంత్రాలు కొంత నయం. ఇది రాయడం అయ్యాక, తప్పులుంటే చెబుతుందని నిన్న ఆమెకే చదివి వినిపించాను. చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. బండి కదిలే చోట చేతులు ఆగిపోయాయి. సొరంగాల దగ్గరికి వచ్చేసరికి ఇక ఉండబట్టలేక అడిగింది.

"అయ్యో పాపం. దొరికిందా ఆమె?"

"దొరికింది" అన్నాను.

"ఏడ?"

"గార్డు డబ్బా కాడ."

"మరి ఇంకేడుంటది?" అని మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.